షోలా పిట్టల వంశవృక్షం: డీఎన్‌ఏతో నా అనుభవం

పశ్చిమ కనుమల షోలా అడవుల్లో (ఎత్తైన కొండలపై గడ్డిమైదానాల మధ్య ఉండే అడవులు) పాలక్కాడ్ గ్యాప్ అనే కనుమల మధ్య ఖాళీకి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి నీలిరంగు చిన్న పిట్టలున్నాయి. రూపాన్ని బట్టి వాటిని ఒకప్పుడు బ్రాకిప్టెరిక్స్ అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో), తర్వాత మయోమెలాలో చేర్చారు. 2017లో జన్యు ఆధారాలతో షోలికోలా అనే కొత్త ప్రజాతి ఏర్పరిచారు. నిల్టావా, సయోర్నిస్ లాంటి ఫ్లైక్యాచర్లే వీటికి దగ్గరి చుట్టాలని తేలింది. ఆ వంశవృక్షాన్ని (చెట్టును) జీన్‌బ్యాంకు అనే బహిరంగ భాండాగారంలోని డీఎన్‌ఏ సీక్వెన్సులతో నేను మళ్లీ కట్టాను. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పిట్టల ఎంపిక. బ్రాకిప్టెరిక్స్, మయోమెలాలను మాత్రమే పోలికకు తీసుకుంటే జవాబు ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. ఫ్లైక్యాచర్ల కుటుంబమైన మస్కికాపిడేలోని అన్ని శాఖల నుంచీ ప్రతినిధులు కావాలి. చెట్టుకు వేరు ఎక్కడో తేల్చడానికి బయటి గుంపుగా (ఆ కుటుంబానికి చెందని చుట్టాలుగా) టర్డస్ త్రష్‌లను పెట్టాను.

మైటోకాండ్రియాలోని ఎన్‌డీ2 (1041 డీఎన్‌ఏ అక్షరాలు), సైటోక్రోమ్-బి (1143) జన్యువులను మాఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒకదాని కింద ఒకటి వరస పెట్టాను. కొన్ని సీక్వెన్సులు తలకిందులుగా ఉంటాయి కాబట్టి దిశ సరిచేసే ఆప్షన్ తప్పనిసరి. తర్వాత ప్రతిదాన్నీ ప్రొటీన్‌గా మార్చి చూడాలి. అప్పుడు వెన్నెముక జీవుల మైటోకాండ్రియా కోడ్‌నే ఎంచుకోవాలి. మామూలు కోడ్‌లో టీజీఏ ఆపు గుర్తు, ఇక్కడ మాత్రం ట్రిప్టోఫాన్. సరైన కోడ్ పెట్టాక కూడా మధ్యలో ఆపు గుర్తులొస్తే అది నుమ్ట్ కావచ్చు, అంటే కేంద్రకంలోకి చేరిన పాత మైటోకాండ్రియా ముక్క. పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది, మైటోకాండ్రియాలు తక్కువ. అందుకే రక్తం నమూనాల్లో ఈ ప్రమాదం ఎక్కువ, కండరం నమూనా మేలు. అనుమానం వచ్చినదాన్ని నేను తీసేస్తాను.

చెట్టు గీసే ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌లో ప్రతి జన్యువునూ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు అక్షరాలు) స్థానాల వారీగా మూడు భాగాలు చేశాను. మూడో స్థానం చాలా వేగంగా మారుతుంది, దానికి వేరే మోడల్ కావాలి. కొమ్మలు ఎంత నమ్మదగినవో చూడటానికి డేటాను మళ్లీ మళ్లీ శాంపిల్ చేసే అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ 1000 సార్లు. ఇందులో 95 దాటితేనే ఆ కొమ్మను నమ్ముతాను. పాత బూట్‌స్ట్రాప్‌కు వాడే 70 హద్దు దీనికి పనికిరాదు.

రెండు జన్యువులూ ఒకే మాట చెప్పాయని తృప్తిపడకూడదు. మైటోకాండ్రియా మొత్తం తల్లి నుంచి ఒకే ముక్కగా వస్తుంది. అవి ఒకే ఇంట్లోని ఇద్దరు సాక్షులు. అందుకే కేంద్రకం నుంచి మయోగ్లోబిన్ ఇంట్రాన్ 2, ఓడీసీ జన్యువు ఇంట్రాన్లు 6–7 (ఇంట్రాన్ అంటే జన్యువులో ప్రొటీన్‌గా మారని మధ్య భాగం) తెచ్చి, వాటికి వేరువేరుగా చెట్లు గీశాను. ఇవి నెమ్మదిగా మారతాయి కాబట్టి పొట్టి కొమ్మల దగ్గర ఆధారం పలచబడుతుంది. అలాంటిచోట ఆ కొమ్మలను విడదీయకుండా ఒకే గుత్తిగా గీసి ఉంచాను.