జెర్రి తినదు, మావాడూ తినడు

"దానికి వద్దంటే తీసేస్తావు. నాకు వద్దంటే ఇంకో ముద్ద కలుపుతావు. నాట్ ఫెయిర్ అమ్మా."

మేం డబ్బాలో పెంచుకుంటున్న జెర్రి ముట్టుకోని కీచురాయిని పట్టకారుతో బయటికి తీసి, చేతులు కడుక్కుని, బెండకాయ కూర కలిపిన అన్నం కంచంతో మావాడి ముందు కూర్చున్నప్పుడు వాడు అన్న మాట ఇది. వాడికి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళవాడికి ఇంకా ముద్దలు పెడుతున్నావా అని అడగకండి, మా ఆయన రోజూ అడుగుతూనే ఉంటాడు.

మేముండేది ఆస్టిన్ పక్కన లియాండర్‌లో. పెరట్లో మడి కట్టడానికి సున్నపురాళ్ళు జరుపుతుంటే ఒకదాని కింద ఉంది ఈ జెర్రి. ఎర్ర తల, నల్లటి ఒళ్ళు, పసుప్పచ్చ కాళ్ళు, జానెడుకి కాస్త తక్కువ. ఒంగోలులో పెరిగినదాన్ని, చెయ్యి దానంతటదే చెప్పు మీదికి పోయింది. చిన్నప్పుడు జెర్రి చెవిలో దూరుతుందని చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్న బాపతు మేము. మావాడు అడ్డం నిలబడ్డాడు. దాని పేరు స్కోలోపెండ్రా హీరోస్ అట, 1853లో పెట్టారట, ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పెద్ద జెర్రి లేదట. వెనకున్న రెండు పొడుగు కాళ్ళు మీసాల్లా కనిపించి శత్రువుకి తల ఏదో తోక ఏదో తెలియకుండా చేస్తాయట. కుట్టేది తోకతో కాదు, తల కింద కోరల్లా మారిన మొదటి జత కాళ్ళతో. ఇదంతా వాడు తెలుగులో చెప్పాడు. నేను లొంగిపోయింది అక్కడే. ఆదివారం తెలుగు బడిలో "నాకు రాదు" తప్ప నోరు విప్పనివాడు "చంపొద్దమ్మా, పెంచుకుందాం" అని రెండు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అంటే, జెర్రేమిటి, మొసలినైనా తెచ్చుకునేదాన్ని.

కొత్తగా పెంచేవాళ్ళకి నేను చెప్పగలిగింది ముందు డబ్బా మూత గురించే. జెర్రి ఒళ్ళు పలకలా బల్లపరుపుగా ఉంటుంది. సన్న సందుంటే చాలు, జారిపోతుంది. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేదు గానీ, ఒంటి పొడుగంతా నిలువుగా చాచి అంచు అందుకుంటుంది. అందుకని మట్టి పైనుంచి లెక్కేసినా గోడలు దాని పొడుగుకన్నా బాగా ఎత్తుండాలి, మూతకి గట్టి క్లిప్పులుండాలి. క్లిప్పులున్నా నాకు నమ్మకం కుదరక వెట్ గ్రైండర్ రాయి తెచ్చి మూత మీద పెట్టాను. దాంతో ఇంట్లో దోసెలు బందయ్యాయి. చేత్తో మాత్రం ఎవరూ, ఎప్పుడూ ముట్టుకోకూడదు. కరిస్తే వాపు, విపరీతమైన నొప్పి. మా ఊళ్ళో ఉల్లిపాయ రుద్దేవాళ్ళు, ఇక్కడ డాక్టరుకి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

రెండోది తడి. మనకున్నట్టు ఒంట్లో నీళ్ళు ఆపుకునే ఏర్పాటు దానికి సరిగా లేదు. పైన మైనపు పొర ఉండదు, ఊపిరి తీసుకునే రంధ్రాలు మూసుకోవు. టెక్సాస్‌లో పొద్దస్తమానం ఏసీ తిరిగే ఇంట్లో అలా వదిలేస్తే ఎండి చస్తుంది. నాలుగంగుళాల మందాన కొబ్బరి పొట్టు పోసి, ఒక పక్క తడిగా, ఒక పక్క కాస్త పొడిగా ఉంచుతాం. దాక్కోవడానికో బెరడు ముక్క, తాగడానికి సీసా మూతలో నీళ్ళు. డబ్బాకి గాలి ఆడే చిల్లులు లేకపోతే బూజు పడుతుంది. దీపాలూ హీటర్లూ అక్కర్లేదు. ఇద్దర్ని ఒక డబ్బాలో పెట్టకూడదు, ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. పార్కుల్లోంచి పట్టుకురాకూడదు, అది చట్టం. పురుగుమందు కొట్టిన చోటునుంచి అసలే వద్దు.

తిండి దగ్గరే వచ్చింది తంటా. వారం పది రోజులకో పెద్ద కీచురాయి చాలంటారు. మాది మొదట్లో అదీ ముట్టలేదు. బయట పట్టుకొచ్చినవి కొన్నాళ్ళు అలాగే ఉంటాయి. కుబుసం విడిచే ముందు వారాల తరబడి తినవు. ఆ సమయంలో కీచురాయిని లోపల వదిలేస్తే, కుబుసం విడిచి మెత్తగా ఉన్న జెర్రినే అది కొరుకుతుంది. కాబట్టి మర్నాటికల్లా తీసెయ్యాలి. నేను తూచా తప్పకుండా పాటించాను. ఎప్పుడు తినాలో దానికి తెలుసులే అని మావాడికి ఎంతో శాంతంగా చెప్పాను కూడా. వాడు ఆ మాట దాచిపెట్టుకుని, బెండకాయ రోజున బయటికి తీశాడు.

జవాబు చెప్పలేదు. నువ్వు ఎదిగే పిల్లాడివి అన్నాను. "అదీ ఎదుగుతోంది, అందుకే కుబుసం" అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మేం గుడ్డు కూడా ముట్టం. బడిలో చికెన్ నగెట్స్ తింటానని వాడు ఏడాదిగా అడుగుతున్నాడు, మనం తినం అని నేను ఏడాదిగా చెబుతున్నాను. పెట్ స్టోరుకెళ్ళి ప్రాణమున్న కీచురాళ్ళు డబ్బాతో కొనుక్కొచ్చేదీ నేనే. కారులో దారిపొడుగునా అరుస్తుంటాయి, పాటలు పెట్టుకుంటాను వినపడకుండా. అది దాని ఆహారం అని నేనన్నాను. "మరి నా ఆహారం ఏంటో ఎవరు చెప్పాలి?" అన్నాడు. ఇది తెలుగులో అనలేదు. తెలుగులో అయితే కనీసం సంతోషించేదాన్ని.

మాది ఆడో మగో చూసి చెప్పడం మాకు చేతకాదు. ఆడదైతే, బయట పట్టుకొచ్చింది గనుక, గుడ్లు పెట్టినా పెట్టొచ్చు. పెడితే వాటి చుట్టూ చుట్టుకుని వారాలపాటు తినకుండా, గుడ్లకి బూజు పట్టకుండా నాకుతూ ఉంటుంది. మధ్యలో మనం మూత తీసి కెలికితే తన గుడ్లు తానే తినేస్తుంది. అది చదివాక గంటకోసారి టార్చి వేసి చూడటం మానేశాను. మావాడి గదిలోకి తొంగిచూడటం మాత్రం మానలేదు.

మొన్న వీడియో కాల్లో అత్తయ్య గారు చూశారు. "జెర్రికి పెట్టే టైముంది గానీ పిల్లాడు చూడు ఎలా చిక్కిపోయాడో" అన్నారు. వాడు చిక్కలేదు, వాడు ఎప్పుడూ అంతే. అయినా ఆ రాత్రి నెయ్యి ఇంకో చెంచా వేశాను. వాడు దాన్ని అన్నం అంచుకి తోసేశాడు.

జూన్‌లో ఇండియా వెళ్ళాలి. తిండి లేకుండా అది చాలాకాలం ఉంటుంది, నీళ్ళు లేకుండా ఉండదు. మన పెరటిదే కదా, సాయంత్రం చల్లబడ్డాక ఆ రాయి కిందే వదిలేద్దాం అంటాడు మా ఆయన. సబబే. మావాణ్ణి అడిగితే ఒప్పుకుంటాడేమో కూడా. నేనే అడగటం లేదు. ఇంట్లో వాడు తెలుగులో మాట్లాడుతున్నది దాని గురించే, మిగతావన్నీ ఇంగ్లీషు. కాబట్టి లియాండర్, సీడర్ పార్క్ వైపు తెలుగువాళ్ళెవరైనా ఆరు వారాలు దాన్ని చూసుకోగలిగితే చెప్పండి. పట్టకారు, కీచురాళ్ళు మేమే ఇస్తాం. గ్రైండర్ రాయి మాత్రం మీది మీరే తెచ్చుకోవాలి.