మాస్టారు రాయించిన దరఖాస్తు

బరంపురంలో మన బడిలో తెలుగు మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లకి ఆయన రాగం తీసి చదివిన పద్యాలు గుర్తుంటాయి. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది ఆయన రాయించిన దరఖాస్తులే.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఊళ్లో చెట్లు, కరెంటు స్తంభాలు ఒరిగిపోయి చాలా రోజులు చీకట్లోనే ఉన్నాం. బడి తెరిచాక మాస్టారు తొమ్మిదో తరగతికి వచ్చి పుస్తకం తీయనివ్వలేదు. "సహాయ శిబిరంలో వాలంటీరుగా తీసుకోమని ఛత్రపురం కలెక్టరు గారికి ఉత్తరం రాయండర్రా" అన్నారు. సగం కాగితాల్లో మొదటి వాక్యం 'మానవసేవే మాధవసేవ'. ఆయన అన్నీ చదివి, "మంచి మాటే. కానీ ఆ ఆఫీసులో కూర్చున్నాయనకి పొద్దున్నే ఎవర్ని ఎక్కడికి పంపాలో తేలాలి. మీ కాగితం చదివితే ఆయన పని తెమలాలి" అన్నారు.

తరవాత గోపాల్‌పూర్ నుంచి వచ్చే మా క్లాసు అబ్బాయి ఉత్తరం పైకి చదివారు. అందులో ఉన్నది నాలుగు ముక్కలే. మా నాన్నతో పడవ మీద వెళ్తుంటాను, తాళ్లు ముడి వేయడం వచ్చు, మధ్యాహ్నం రెండు తరవాత ఖాళీ, ఒడియా మాట్లాడతాను గాని రాయలేను. ఆ చివరి వాక్యం దగ్గర మాస్టారు ఆగారు. "చూశారా, రానిది కూడా రాశాడు. వీణ్ణి ఎవరూ లెక్కలు రాయడానికి కూర్చోబెట్టరు, తాడు పట్టుకోడానికే పంపుతారు." ఆ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. అంతకుముందు ఏ సబ్జెక్టులోనూ వాడి కాగితం క్లాసులో చదివినవాళ్లు లేరు.

ఆ పాఠం నాకు 2018లో అక్కరకొచ్చింది. అప్పటికి కాలేజీలో ఉన్నాను. ఆ ఏడు రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టాయి. ఒక్కో తల్లి వంద పైచిలుకు పెడుతుంది. దాదాపు 45 నుంచి 50 రోజులకి పిల్లలు ఇసుకలోంచి పైకి వస్తాయి, ఎక్కువగా రాత్రిపూటే. అవి వెలుతురున్న వైపు నడుస్తాయి. చీకటి రాత్రుల్లో సముద్రం మీద మెరుపే వాటికి దారి. ఒడ్డున లైట్లు వెలిగితే సముద్రాన్ని వదిలేసి ఊరి వైపు పాకుతాయి, తెల్లారేసరికి కుక్కలకీ కాకులకీ చిక్కుతాయి. వాటిని పట్టి నీళ్ల దగ్గర వదలడానికి మనుషులు కావాలని విని, అటవీ శాఖ ఆఫీసుకి ఒడియాలో దరఖాస్తు రాశాను. దాని సారాంశం ఇది:

"అయ్యా, తాబేలు పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో వాలంటీరుగా పనిచేయడానికి అనుమతి కోరుతున్నాను. పరీక్షలు దగ్గరపడినందున శని, ఆదివారం రాత్రులు మాత్రమే రాగలను. తెల్లవారే దాకా ఉంటాను. ఒడియా, తెలుగు రెండూ వచ్చు. పొడంపేట వైపు మత్స్యకార కుటుంబాలతో తెలుగులోనే మాట్లాడగలను. నాకు ఈత రాదు, కనుక పడవ పని వద్దని మనవి. మా నాన్నగారి సమ్మతి పత్రం జతచేశాను."

కింద పేరు, ఫోన్ నంబరు. అర పేజీ కూడా లేదు. తాబేళ్ల మీద నాకున్న ప్రేమ గురించి ఒక్క ముక్క రాయలేదు. అది బోలెడంత ఉంది, కానీ రాత్రంతా ఇసుకలో నిలబడతానన్న మాటలోనే అదంతా ఉందని నా నమ్మకం.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. అవతలి ఆయన మొదట అడిగింది చదువు గురించి కాదు, "తెలుగు నిజంగా వచ్చునా?" అని. ఇళ్ల ముందు బల్బులు ఆర్పమని చెప్పడానికి ఆయనకి మనిషి కావాలి. నన్ను ఆ పనికే పంపారు. మొదటి ఇంటి దగ్గర ఒక ముసలమ్మ వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండా "ఏ ఊరమ్మా నీది?" అంది. బరంపురం అన్నాను. "అయితే మనోళ్లే" అని లేచి, తన బల్బు ఆర్పేసి, పక్కింటి కోడల్ని కూడా కేకేసింది. "పిల్లలొచ్చే రాత్రి దీపమెందుకే!" వాళ్లు తరతరాలుగా ఆ తాబేళ్లను చూస్తున్నవాళ్లు. చెప్పాల్సిన తీరులో చెబితే చాలు.

ఆ రాత్రి బకెట్లో మోసిన పిల్లలు ఒక్కొక్కటీ అరచేతిలో పట్టేంత. నల్లగా, తడి ఇసుక అంటుకుని, కాళ్లు మాత్రం ఆడిస్తూనే ఉండేవి. అలకి నాలుగడుగుల ముందు దించితే వాటంతటవే వెళ్లేవి. దగ్గరగా దించమనే చెప్పారు, నీళ్లలో వేయొద్దన్నారు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఫారాలు వచ్చాయి, గళ్లు నింపితే చాలు. అయినా చివర్లో 'మీ గురించి రాయండి' అని ఖాళీ పెట్టె ఉంటుంది. పిల్లలు అక్కడే టెన్షన్ పడి, దొరికిన వాక్యాలు తెచ్చి అతికిస్తున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పెట్టెలో రాయడానికి మన బరంపురం పిల్లల దగ్గర ఎంత సరుకు ఉంది! ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, తుఫాను వస్తే ఏం చేయాలో చిన్నప్పటినుంచీ తెలుసు.

హెడ్మాస్టారు గారితో మాట్లాడాను. ఈ సంవత్సరం నుంచి శనివారం సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కూర్చుంటాను. ఒడియాలో రాయాల్సినవి ఒడియాలో, తెలుగులో రాయాల్సినవి తెలుగులో రాద్దాం. మన బ్యాచ్‌ల వాళ్లెవరైనా ఆసుపత్రిలోనో, రక్తదాన శిబిరంలోనో, గ్రంథాలయంలోనో పనిచేస్తుంటే, అక్కడ వాలంటీర్లకి నిజంగా ఏ పని ఉంటుందో ఒక కాగితం మీద రాసి బడి ఆఫీసులో ఇవ్వండి. పిల్లలకి వాటితోనే అభ్యాసం చేయిస్తాను.