నాయిన కోత మిషన్

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

కొట్టం రేకులు మార్చాలని పొద్దున్నే సామాన్లన్నీ బయట పెట్టాం. పాత గుంటక, తుప్పు పట్టిన డబ్బాల వెనక గోనె సంచిలో చుట్టి నాయిన కోత మిషన్, అదే చెట్లు కోసే పెట్రోలు రంపం, కనిపించింది. పాత ఇనుము కొనే బండి అప్పటికే గేటు దగ్గర ఆగి ఉంది. తూకానికి వేద్దామని నేనే ఎత్తాను. ఎత్తాక ఇవ్వబుద్ధి కాలేదు. డబ్బాలు మాత్రం ఇచ్చి బండిని పంపించేశాను.

1986లో నాయిన దీన్ని జడ్చర్లలో ఒక కట్టెకోత మిల్లు వాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వంద సీసీ పైన ఇంజన్. అప్పటిదాకా చింత మొద్దు కోయాలంటే ఇద్దరు చెరోపక్క కూర్చుని పూటంతా రంపం లాగేవాళ్లు. ఇది వచ్చాక కల్వకుర్తి, అచ్చంపేట దాకా నాయిననే పిలిచేవారు. అక్క పెండ్లి, నా డిగ్రీ ఫీజులు దీని మీదే వెళ్లాయి.

మధ్యాహ్నం అన్నం కూడా మరిచిపోయి దాని ముందే కూర్చున్నాను. తాడు పట్టుకుని మిషన్‌ను గాల్లోకి లేపితే దబ్బున జారలేదు, ఆగి ఆగి దిగింది. సిలిండర్‌లో కంప్రెషన్, అంటే గాలి పట్టు, ఉందన్నమాట. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ మీద ఒక్క గీత లేదు. అది నాయిన గొప్పతనం. ఈ ఇంజన్‌కు వేరే ఆయిల్ ట్యాంకీ ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌ను కాపాడాలి. లీటరుకు 40 మి.లీ. టూటీ ఆయిల్, అదీ నాయినే కలిపేవాడు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

కార్బొరేటర్ మాత్రం పాడైంది. లోపల పెట్రోలు ఎండి గోధుమరంగు జిగురైంది. పెట్రోలును లోపలికి లాగే పల్చటి పొర, మెత్తగా ఉండాల్సిన డయాఫ్రమ్, ఎండుటాకులా పెళపెళమంది. పెట్రోలు పైపు వేళ్ల మధ్యే పొడి అయ్యింది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లను గీకుడు కాగితంతో రుద్ది, ప్లగ్గును సిలిండర్‌కు ఆనించి తాడు లాగాను. నీలంగా చిటుక్కుమంది. ఇన్నేళ్ల తర్వాత! ఇంట్లో వాళ్లందరినీ కేకేసి పిలిచాను.

చైను మీద ఆకురాయి గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకు. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషి 1946లో ఒక మొద్దులో పురుగు అటూ ఇటూ కొరుక్కుంటూ పోవడం గమనించి, దాని దవడను చూసి ఈ పన్ను తయారుచేశాడు. నాయినకు ఆ కథ తెలియదు. ఆయన లెక్క వేరే. పెచ్చులు రాలితే పదునున్నట్టు, పొడి రాలితే మొద్దుబారినట్టు.

సాయంత్రం మెకానిక్ చాచా వచ్చి చూశాడు. డయాఫ్రమ్ కిట్, పైపు, ఆయిల్ సీళ్లు అన్నీ కలిపి 4,000 దాకా అవుతాయన్నాడు. ఇంకో మూడు వేలు వేసుకుంటే కొత్తదే వస్తుందని కూడా ఆయనే చెప్పాడు. నా టెన్షన్ డబ్బు గురించి కాదు.

చలికాలం వస్తే నాయిన వేళ్ల కొసలు తెల్లగా పాలిపోతాయి. చొక్కా గుండీలు అమ్మ పెట్టాలి. ఈ మిషన్‌కు పిడికీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు గానీ స్ప్రింగు గానీ లేదు. ఇంజన్ అదురంతా నేరుగా చేతుల్లోకే. ఏళ్ల తరబడి అలా అదిరితే వేళ్లలో రక్తనాళాలు దెబ్బతింటాయని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు. పైగా దీనికి చైనును టక్కున ఆపే బ్రేకు లేదు. బ్లేడు కొన కట్టెకు తగిలి ఎగిరిందంటే మిషన్ ముఖం మీదికే వస్తుంది. బాగు చేస్తే మా తమ్ముడు దీన్ని పట్టుకుని తుమ్మలు కొట్టడానికి బయలుదేరతాడు, నాకు తెలుసు. నాయిన చేతులను తిన్నదాన్ని నేనే మళ్లీ లేపి నిలబెట్టాలా?

నాయిన నులక మంచం మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. గుండీ దొరకని ఆ వేళ్లకు చోక్ మాత్రం చూడకుండానే దొరికింది.

"స్టార్ట్ అయితదా?"

"అయ్యేటట్టే ఉంది నాయినా. ఇంజన్ వరకే చేయిద్దామనుకుంటున్నా. చైను, బ్లేడు ఎక్కించను."

చాలాసేపు ఏమీ అనలేదు. బాధపడ్డాడేమో అనుకున్నాను.

"చైనుకు గ్రీసు పూసి దాచి పెట్టు, తుప్పు పడ్తది," అన్నాడు. మళ్లీ కాసేపాగి, "ఆయిల్ మాత్రం నేనే కలుపుత."

పాత డయాఫ్రమ్‌ను అగ్గిపెట్టెలో వేసి బండి డిక్కీలో పెట్టాను. రేపు ఆఫీసు అయ్యాక మహబూబ్‌నగర్‌లో అదే సైజు అడగాలి.