మద్రాసు ఫైరింజన్ 1:24 మోడల్: పంపు దాకా వచ్చింది

అసలు బండిలో 24వ వంతు సైజులో చేస్తున్న ఈ మోడల్‌కి క్యాబిన్, నీళ్ల ట్యాంకు అయిపోయాయి. ఇప్పుడు వెనక పంపు పని పట్టాను. బండి లేలాండ్ కామెట్ ఛాసిస్ మీద కట్టిన వాటర్ టెండర్, అంటే నీళ్ల ట్యాంకూ పంపూ ఉన్న ఫైరింజన్. సరైన కిట్ నాకు దొరకలేదు, అందుకే అంతా ప్లాస్టిక్ షీటు కోసి అతికించడమే.

కొలతలకి టైరే ఆధారం. 9.00-20 టైరు వ్యాసం దాదాపు 102 సెంటీమీటర్లు, మోడల్‌లో 42 మిల్లీమీటర్లు వస్తుంది. పక్కనుంచి తీసిన ఫొటోలో టైరు కొలిస్తే మిగతావన్నీ లెక్క తేలతాయి.

అసలు తలనొప్పి ఏ ఏడాది బండి చేయాలన్నది. ఫైరింజన్ ఏళ్ల తరబడి డ్యూటీలో ఉంటుంది. ఈలోగా గంట పోయి సైరన్ రావచ్చు, రంగు మళ్లీ వేయొచ్చు, హోసులూ మారిపోతాయి. అన్ని కాలాల సామానూ ఒకే బండికి తగిలించిన మోడళ్లు నాకు నచ్చవు. నేను 1975 అనుకున్నాను, మౌంట్ రోడ్డు ఎల్ఐసీ బిల్డింగ్ తగలబడిన ఏడాది. అది పది అంతస్తులకి పైనే. ఇలాంటి బండి మీదుండే 10.5 మీటర్ల నిచ్చెన మూడో అంతస్తు దగ్గరే ఆగిపోతుంది.

మా వీధిలో ఫైర్ సర్వీసులో రిటైరైన బాబాయి ఒకాయన ఉన్నారు, నెల్లూరు వైపు మనిషి. బండికి దుమ్మూ బురదా ఎంత పూయమంటారని అడిగితే నవ్వారు. "పొద్దున్నే తుడిచి నిలబెట్టకపోతే ఆఫీసరు ఊరుకుంటాడా అబ్బయా? బండి కడిగి కడిగి మా చేతులే అరిగినై." కాబట్టి బురద లేదు. చేతులూ బూట్లూ తగిలే చోటే అరుగుదల: మెట్టు అంచు, షట్టరు పిడి, డెలివరీ వాల్వు (నీళ్లు బయటికి వదిలే వాల్వు) చక్రం. అక్కడ ఎరుపు కింద ముందే ఇత్తడి రంగో వెండి రంగో వేసుకుని, ఆరాక సన్న వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) పైపైన రుద్దుతున్నాను. ఎరుపుకి బూడిద రంగు ప్రైమరు (అడుగు పూత) వద్దు, లేత గులాబీ వేస్తే రంగు నిగ్గుగా తేలుతుంది.

సక్షన్ హోసు, అంటే నీళ్లని పంపులోకి లాగే గొట్టం, చేయడం మాత్రం సరదాగా ఉంది. అసలుది 100 మిల్లీమీటర్ల లావు, 2.5 మీటర్ల ముక్కలు. పంపు లోపల గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడికి మామూలు గొట్టం నొక్కుకుపోతుంది, అందుకే దీనికి తీగ చుట్ట వేస్తారు, పైకి గాట్లు కనిపిస్తాయి. నేను 3.5 మిల్లీమీటర్ల వైరు మీద 0.3 మిల్లీమీటర్ల రాగి తీగ దగ్గరదగ్గరగా చుట్టి నల్ల రంగు కొట్టాను. 104 మిల్లీమీటర్ల ముక్కలు చక్కగా కుదిరాయి. రాగి తీగకి చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్ వెళ్లండి, చుట్టలు చుట్టలుగా దొరుకుతుంది. మంట మీదకి నీళ్లు పంపే డెలివరీ హోసు 63 మిల్లీమీటర్లు, దానికి పలచటి నూలు టేపు మడిచి సరిపెట్టాను.

మిగిలింది అక్షరాలు. పక్కన తమిళంలో 'తీయణైప్పు' (మంటలు ఆర్పడం) అని రాయాలి. 'ణై' అక్షరానికి 1978 లిపి సంస్కరణకి ముందు రూపం వేరు, ఏనుగు తొండంలా ముందుకు వంపు తిరిగి ఉండేది. కంప్యూటర్ ఫాంట్లలో ఎక్కువగా కొత్త రూపమే వస్తుంది, కాబట్టి ఆ ఒక్క అక్షరం సన్న కుంచెతో చేత్తోనే దిద్దాలి. ఈ ఆదివారం ఆ పని.