బ్లెచ్లీలో రిలేల చప్పుడు

లండన్ యూస్టన్ స్టేషన్‌లో ఉత్తరానికి వెళ్లే రైలెక్కితే ముప్పావు గంటకు అటూ ఇటూగా బ్లెచ్లీ వస్తుంది. స్టేషన్ బయటికి వచ్చి కొద్ది నిమిషాలు నడిస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలను ఛేదించిన ఆవరణ. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెరువు పక్కనున్న పాత బంగళా వైపు, జర్మన్ల గుప్తలిపి యంత్రం ఎనిగ్మా కథ వైపు వెళతారు. నేను వెళ్లింది అదే ప్రాంగణంలో బ్లాక్ హెచ్ అనే సాదాసీదా భవనానికి. నేషనల్ మ్యూజియం ఆఫ్ కంప్యూటింగ్ అందులోనే ఉంది. దానిది వేరే సంస్థ, వేరే టిక్కెట్టు. వారంలో అన్ని రోజులూ తెరవరు కాబట్టి చూసుకుని బయల్దేరాలి.

మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటుంది. "ముందు ఎక్కడికి వెళదాం నాన్నా?" అని అడిగితే మరో ఆలోచన లేకుండా ఈ పేరే చెప్పాను. టెలిఫోన్ శాఖలో రిటైరైన మనిషిని. ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా ఎక్స్చేంజిలో బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) తయారుచేసిన స్ట్రోజర్ ర్యాకులు, అంటే డయల్ చేసిన అంకెల ప్రకారం ఫోన్లను కలిపే యంత్రాల వరుసలు, ఉండేవి. రిలేల, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చుల, కాంటాక్టులు శుభ్రం చేయడం, స్ప్రింగుల బిగువు సరిచూడటం నా పని. ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజీలు వచ్చి ఆ ర్యాకులు తుక్కుకింద వెళ్లిపోయాక, పాత కంప్యూటర్లు బాగుచేయడం నా వ్యసనమైంది.

మొదట చేతికొచ్చింది బీబీసీ మైక్రో, ఎనభైల నాటి బ్రిటిష్ బడి కంప్యూటర్. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ అనే పథకం కింద మన దేశంలోని బడులకు ఈ యంత్రాలు వచ్చాయి. అలాంటిదొకటి పాతసామాన్ల దుకాణంలో తూకానికి పోబోతూ నాకు దొరికింది. దాని పవర్ సప్లైలో కరెంటు లైనుకు అడ్డంగా ఉండే కాగితపు కెపాసిటర్లకు ఏళ్లు గడిచేకొద్దీ పైపొర బీటలు వారుతుంది, లోపలికి తేమ చేరుతుంది. స్విచ్చి వేసిన కాసేపటికి అవి కాలి గదంతా ఘాటైన పొగ నింపుతాయి. అందుకే పాత బీబీసీ మైక్రో దొరికినవాళ్లు ముందు మూత తీయాలి, ఆ కెపాసిటర్లు మార్చాలి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. నేను హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొత్తవి కొని వేశాను. తెర మీద అక్షరాలు వెలిగిన క్షణం నుంచి ఈ పిచ్చి వదల్లేదు.

బ్లాక్ హెచ్‌లోకి అడుగుపెట్టాక కొలోసస్ గదిలో ముందుగా తగిలేది వేడి. జర్మన్ల గుప్త సందేశాలను ఛేదించడానికి యుద్ధకాలంలో కట్టిన ఎలక్ట్రానిక్ యంత్రం పేరే కొలోసస్. మనిషి ఎత్తు దాటిన ర్యాకులు, వాటి నిండా వెలుగుతున్న వాల్వులు, పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి. ఒక చివర ఇనుప చట్రం మీద వరుసగా కప్పీలు, వాటి మీదుగా రైస్ మిల్లు బెల్టులా పరుగెత్తే కాగితపు టేపు. సెకనుకు 5,000 అక్షరాలు. దూరంలో చెబితే గంటకు దాదాపు 45 కిలోమీటర్లు. దీన్ని రూపొందించిన టామీ ఫ్లవర్స్ పరీక్ష కోసం వేగం పెంచుకుంటూ పోతే 9,700 దగ్గర టేపు ముక్కలై ఎగిరిపోయిందట. అందుకే 5,000 దగ్గర ఆగారు.

ఫ్లవర్స్ గణిత శాస్త్రవేత్త కాదు. లండన్‌లోని డాలిస్ హిల్‌లో, బ్రిటిష్ పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో టెలిఫోన్ ఇంజనీరు. ఈ ఒక్క సంగతి కోసమే నేను అంత దూరం వెళ్లానన్నా తప్పులేదు. హిట్లర్ సైన్యాధిపతుల మధ్య నడిచే సందేశాలు ఎనిగ్మాలో కాదు, లోరెంజ్ అనే పన్నెండు చక్రాల యంత్రంలో వెళ్లేవి. 1941 ఆగస్టు 30న ఒక జర్మన్ ఆపరేటర్ సుమారు 4,000 అక్షరాల సందేశాన్ని అదే అమరికతో రెండుసార్లు పంపాడు. రెండోసారి అక్కడక్కడ మాటలు కుదించాడు. ఆ తేడా పట్టుకుని బ్లెచ్లీలోని గుప్తలిపి నిపుణుడు జాన్ టిల్ట్‌మన్ రెండు పాఠాలనూ విడదీశాడు. బిల్ టట్ అనే యువకుడు అక్కడి నుంచి ముందుకు వెళ్లి, యంత్రాన్ని కంటితో చూడకుండానే దాని చక్రాలెన్ని, ఏ చక్రానికి ఎన్ని పళ్లు అన్నది తేల్చాడు. అసలు యంత్రం బ్రిటిష్ వాళ్ల కళ్లబడింది యుద్ధం ముగిసే దశలోనే.

ఏ సందేశానికి ఏ చక్రం ఎక్కడ మొదలైందో కనిపెట్టడానికి లెక్కింపు కావాలి. అంతకుముందున్న యంత్రం రెండు టేపులను కలిపి నడిపేది. టేపులు సాగి ఒకదానితో మరొకటి తప్పిపోయేవి. రెండో టేపునే తీసేసి, చక్రాల నమూనాలను వాల్వులతోనే పుట్టించవచ్చన్నాడు ఫ్లవర్స్. పదిహేను వందలకు పైగా వాల్వులు ఒకేసారి పనిచేయవని, ఏదో ఒకటి కాలిపోతూనే ఉంటుందని పెద్దలు కొట్టిపారేశారు. వాల్వులు చెడిపోయేది ఎక్కువగా స్విచ్చి వేసి తీసేటప్పుడేనని, ఎప్పుడూ వెలుగుతూ ఉంచితే ఏళ్లపాటు నిలుస్తాయని టెలిఫోన్ అనుభవంతో అతనికి తెలుసు. తన సొంత డబ్బు కూడా పెట్టి కట్టాడు. 1944 తొలి వారాల్లో మొదటి కొలోసస్ బ్లెచ్లీలో పనిలోకి దిగింది. దాదాపు 2,400 వాల్వుల రెండో తరం యంత్రం ఆ ఏడాది జూన్ 1న, నార్మండీ దాడికి ఐదు రోజుల ముందు అందింది. యుద్ధం ముగిసేనాటికి అలాంటివి పది.

ఆ తర్వాత జరిగింది వింటే ఇప్పటికీ మనసు రగులుతుంది. పదింటిలో ఎనిమిదింటిని విడగొట్టేశారు. మిగిలిన రెండూ 1960 ప్రాంతంలో పోయాయి. డాలిస్ హిల్‌లోని సర్క్యూట్ బొమ్మలను బాయిలర్‌లో వేసి కాల్చమన్నారు. తన జీవితంలోని అతి గొప్ప పనిని తానే బూడిద చేసి, డెబ్బైల దాకా ఫ్లవర్స్ నోరు విప్పకుండా ఉండాల్సివచ్చింది.

మరి నా ఎదుట నడుస్తున్నది ఏమిటి? 1993లో టోనీ సేల్ అనే ఇంజనీరు మళ్లీ కట్టడం మొదలుపెట్టినది. అతని చేతిలో ఉన్నవి 1945 నాటి ఎనిమిది ఫోటోలు, పాత ఇంజనీర్లు ఆదేశాలకు విరుద్ధంగా దాచుకున్న కొన్ని సర్క్యూట్ బొమ్మల ముక్కలు. ఫోటోలోని కోణాన్ని లెక్కగట్టి భాగాల కొలతలు రాబట్టారు. అసలు పని చేసినవాళ్లలో బతికున్నవాళ్లను వెతికి అడిగారు. బ్రిటన్‌లో అప్పుడే మూతపడుతున్న పాత టెలిఫోన్ ఎక్స్చేంజీల నుంచి భాగాలు తెచ్చారు. 1996 జూన్ 6న దానికి కరెంటు ఇచ్చినప్పుడు వృద్ధుడైన ఫ్లవర్స్ అక్కడున్నాడు. మరో రెండేళ్లకు పోయాడు. ఆ పని ఇంకో పదేళ్లు ఆలస్యమై ఉంటే అడగడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

2007 నవంబరులో ఈ కొలోసస్‌కు పోటీ పెట్టారు. జర్మనీలోని పాడర్‌బోర్న్ నుంచి నిజమైన లోరెంజ్ యంత్రంతో గుప్త సందేశాలు ప్రసారం చేశారు. బాన్ నగరానికి చెందిన యోఆకిమ్ షూత్ అనే ప్రోగ్రామర్ అడా భాషలో తాను రాసిన ప్రోగ్రాముతో, మామూలు ల్యాప్‌టాప్ మీద, పన్నెండు చక్రాల అమరికనూ 46 సెకన్లలో కనుక్కున్నాడు. కొలోసస్ కూడా ఛేదించింది కానీ దానికి మూడు గంటలకు పైగా పట్టింది. షూత్ ల్యాప్‌టాప్ సెకనుకు 12 లక్షల అక్షరాలు నమిలింది. అంటే కొలోసస్ కంటే 240 రెట్లు మాత్రమే వేగం. 1944 నాటి యంత్రానికీ అరవై మూడేళ్ల తర్వాతి ల్యాప్‌టాప్‌కూ మధ్య తేడా అంతే. ఆ లెక్క విన్నాక నేను మళ్లీ వెనక్కి వెళ్లి టేపు చదివే చోట నిలబడ్డాను. ప్రతి అక్షరం పక్కనున్న చిన్న రంధ్రాల మీదుగా కాంతి పడి పుట్టే స్పందనే యంత్రమంతటికీ లయ. టేపు ఎంత వేగంగా నడిస్తే యంత్రమూ అంత వేగంగా నడుస్తుంది.

ఎమ్యులేటర్లంటే, అంటే పాత యంత్రంలా ప్రవర్తించే కొత్త కంప్యూటర్ ప్రోగ్రాములంటే, నాకు చిన్నచూపు లేదు. ఇంట్లో బీబీసీ మైక్రో ప్రోగ్రాములను ముందు ల్యాప్‌టాప్‌లోని ఎమ్యులేటర్ మీదే పరీక్షిస్తాను. పాత క్యాసెట్ అరిగిపోకముందే అందులోని ప్రోగ్రామును ఫైలుగా మార్చి దాచుకోవడం ఈ హాబీలో మొదటి ధర్మం. విజయవాడలో కూర్చుని కొలోసస్ నమూనాను తెరమీద తిప్పి చూసే వెళ్లాను కాబట్టే ఆ గదిలో ఏ ప్యానెల్ దేనికో పోల్చుకోగలిగాను. అయితే ఎమ్యులేటర్ కాపాడేది ప్రోగ్రామును. ఆ ప్రోగ్రామును నడిపించడానికి మనిషి చేతికి ఏమేం తెలిసి ఉండాలో అది కాపాడలేదు. ఆ తేడా ఇంకో గదిలో మరింత బాగా తెలిసింది.

అక్కడ ఉన్నది హార్వెల్ డెకాట్రాన్. అణు పరిశోధన కేంద్రంలోని లెక్కల కోసం 1949లో కట్టడం మొదలుపెట్టి, 1951లో పనిలోకి దించిన కంప్యూటర్. బరువు రెండున్నర టన్నులు. ఇది పునర్నిర్మాణం కాదు, అసలుదే. దీని జ్ఞాపకశక్తి 828 డెకాట్రాన్ గొట్టాలు. ఒక్కో గొట్టంలో వృత్తాకారంగా పది స్థానాలు, వాటి మీద నారింజ రంగు వెలుగు చుక్క ఒకటి. చుక్క ఎక్కడ ఆగితే అదే ఆ అంకె. అంటే కంప్యూటర్ మెమరీలో ఏముందో గది అవతల నిలబడి కంటితో చదవొచ్చు. ఒక గుణకారానికి ఐదు నుంచి పది సెకన్లు పడుతుంది. లెక్కలేసే ఒకతను చేతి యంత్రంతో దీనికి పోటీగా కూర్చుని అరగంటపాటు సమానంగా వచ్చాడట. అరగంట తర్వాత అతను అలసిపోయి లేచాడు, యంత్రం సాగిపోయింది. దాని గొప్పతనం వేగంలో లేదు, అలుపెరగకపోవడంలో ఉంది. ఒక క్రిస్మస్ సెలవుల్లో కనీసం పది రోజులు ఎవరూ లేకుండా దానంతటదే లెక్కలు చేస్తూ ఉందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

1957లో దీన్ని కాలేజీల మధ్య పోటీపెట్టి వుల్వర్‌హాంప్టన్ కాలేజీకి ఇచ్చేశారు. 1973 దాకా విద్యార్థులకు పాఠం చెప్పింది. తర్వాత మ్యూజియంలో ప్రదర్శన, ఆపైన గోదాము. 2009లో ఇక్కడికి తెచ్చి, 2012 నవంబరులో మళ్లీ నడిపించారు.

యంత్రం లెక్క మొదలుపెట్టగానే చప్పుడు వచ్చింది. నా ఒళ్లు గగుర్పొడిచింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ర్యాకు దగ్గరికి వెళ్లి చూస్తే బ్రిటిష్ పోస్టాఫీసు వారి 3000 టైపు రిలేలు, వందల సంఖ్యలో. మా ఎక్స్చేంజిలో నేను గేజీ పట్టుకుని సరిచేసిన రకమే. అక్కడున్న వాలంటీరు వయసులో నాకంటే పెద్దాయన. నేను టెలిఫోన్ మనిషినని చెప్పగానే తాడుకు అవతలి నుంచి దగ్గరికి వచ్చి, కాంటాక్టులు మొరాయిస్తే ఏం చేసేవారు అని అడిగారు. మేం కాంటాక్టుల మధ్య పలుచటి పట్టీ దూర్చి మెల్లగా లాగేవాళ్లమని, గరుకు కాగితం దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదని, రుద్దితే పైనున్న మంచి లోహం పోతుందని చెప్పాను. ఆయన తల ఊపి, బల్ల సొరుగులోంచి అలాంటి పట్టీయే తీసి చూపించారు. ఇద్దరం స్ప్రింగు బిగువు గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. మా అమ్మాయి అటూ ఇటూ తిరిగొచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నావా నాన్నా!" అంది. ఏ ఎమ్యులేటర్‌లోనూ ఆ రిలేను ఎలా సరిచేయాలో ఉండదు. అది ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకోవాల్సిన పని.

మిగతా గదులు కొంచెం త్వరగా చూశాను. కేంబ్రిడ్జిలో 1949లో నడిచిన ఎడ్సాక్ అనే కంప్యూటర్‌ను మళ్లీ కడుతున్న చోటు, బ్రిటిష్ కంపెనీ ఐసీఎల్ వారి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్, బీబీసీ మైక్రోలు వరుసగా పెట్టిన తరగతి గది. అక్కడి పిల్లలు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు లైన్లు రాసి తమ పేరు తెరనిండా వచ్చేలా చేసి కేరింతలు కొడుతున్నారు. 1951 నాటి హెచ్ఈసీ అనే కంప్యూటర్ దగ్గర మాత్రం మళ్లీ ఆగాను. ఆ వంశంలోదే హెచ్ఈసీ-2ఎం, 1956లో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మన దేశపు మొదటి డిజిటల్ కంప్యూటర్‌గా పనిచేసింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదువుకున్న సి.ఆర్. రావు గారు ఆ కాలంలో ఆ సంస్థలోనే ఉన్నారు. అమ్మాయికి ఈ సంగతి చెబితే ఫోటో తీసుకుంది.

తిరుగు రైల్లో నా ఆలోచనంతా హైదరాబాద్ మీదే. అక్కడి ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ నుంచి 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది, తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. మనవాళ్లు మన దేశంలోనే కట్టిన కంప్యూటర్లు. వాటి మీద చేతులు పెట్టి పనిచేసినవాళ్లకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లుంటాయి. టోనీ సేల్‌కు 1993లో దొరికిన అవకాశం మనకు ఇప్పుడుంది. ఇది చదివేవారిలో ఆ యంత్రాల మీద పనిచేసినవారు గానీ, వారి పిల్లలు గానీ ఉంటే ఒక్కసారి అటక మీద వెతకండి. మాన్యువల్, సర్క్యూట్ బొమ్మ, బోర్డు ముక్క, పేపర్ టేపు చుట్ట, ఏది దొరికినా పాతసామాన్లవాడికి వేయకండి. కాగితాలైతే ఫోనుతోనైనా ఫోటో తీసి పెట్టండి. టేపును మడవకుండా, తేమ తగలకుండా డబ్బాలో ఉంచండి, చదివే పరికరం చేసుకోవడం పెద్ద కష్టం కాదు. ముందుగా మాత్రం ఇంట్లో ఆ పెద్దవారి దగ్గర కూర్చుని, యంత్రం మొరాయించినప్పుడు ఏం చేసేవారో అడిగి రికార్డు చేయండి.