మూడవ స్థానం

ఆదివారం, రాత్రి.

ఉదయం కూరగాయలు తెచ్చి, బట్టలు ఆరవేసి, భోజనమయ్యాక నా పాత నోటుపుస్తకం తీశాను. వేర్వేరు కాలాలకు చెందిన హెవీవెయిట్ బాక్సర్లను నా అంచనా ప్రకారం అందులో వరుసగా రాసుకుంటాను. సోనీ లిస్టన్, జో ఫ్రేజర్, జార్జ్ ఫోర్‌మన్ ముగ్గురినీ ఓడించినవాడు మరొకడు లేడు గనుక మొహమ్మద్ అలీది మొదటి స్థానం. 1937 నుండి 1949 వరకు ఛాంపియన్‌గా ఉండి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న జో లూయిస్‌ది రెండవది. ఈ రెండు పేర్లూ ఎన్నడూ మారలేదు. నన్ను తొలిచేది మూడవ స్థానమే. అక్కడ ఇంతవరకు రాకీ మార్సియానో ఉన్నాడు. ఈ రోజు లారీ హోమ్స్‌ను అక్కడికి తేవాలనిపించింది.

తమ్ముడికి ఫోన్‌లో ఈ మాట చెప్పగానే, "49 పోటీలాడి ఒక్కటీ ఓడనివాణ్ణి కిందికి దించడం అన్యాయం అన్నా!" అని నొచ్చుకున్నాడు. వాడి మాటను తేలిగ్గా తీసుకోలేక, మధ్యాహ్నమంతా పాత పోటీల దృశ్యాలు చూస్తూ కూర్చున్నాను.

1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో అప్పటి ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్‌తో మార్సియానోకు జరిగిన పోటీని మళ్ళీ చూశాను. మొదటి రౌండులోనే మార్సియానో నేల మీద పడ్డాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ వెనుకబడి ఉన్నాడు. పదమూడవ రౌండులో అతడు విసిరిన కుడిచేతి దెబ్బ ఎంత తక్కువ దూరం ప్రయాణించిందంటే, రెప్పపాటు చూపు తప్పితే అది కనిపించదు. వాల్కాట్ ఒక చేయి తాడుకు తగులుకుని ఉండగానే మోకాళ్ళ మీదికి ఒరిగిపోయాడు. ఆ దృశ్యం చూశాక పెన్సిలు పట్టుకోవడానికి చాలాసేపు చేయి రాలేదు.

అయినా లెక్క లెక్కే. ఆ రాత్రి వాల్కాట్ వయసు 38 ఏళ్ళు. అంతకు ముందరి ఏడాది మార్సియానో ఓడించిన లూయిస్‌కు 37. చిన్ననాటి నుండి ఆరాధించినవాణ్ణి రింగ్ బయటికి పడేలా కొట్టవలసి వచ్చినందుకు అతడు లూయిస్ గదికి వెళ్ళి కన్నీరు పెట్టుకున్నాడంటారు. 1980లో హోమ్స్‌కూ అదే అనుభవం ఎదురైంది: ఒకప్పుడు తాను సాధన భాగస్వామిగా ఉన్న అలీని, 38 ఏళ్ళ వయసులో ఉన్నవాణ్ణి, కొట్టి గెలిచి ఏడ్చాడు. కనుక ఈ రెండు విజయాలనూ లెక్కలోంచి తీసేశాను. ఒకరికి తీసేసి ఇంకొకరికి ఉంచడం ధర్మం కాదు.

మిగిలినదాన్ని చూస్తే, మార్సియానో ఆరుసార్లు టైటిల్ నిలబెట్టుకుని 1956లో విరమించుకోగా, హోమ్స్ 1978లో కెన్ నార్టన్‌ను పదిహేను రౌండ్లలో ఒక్క పాయింటు తేడాతో దాటి, ఏడేళ్ళ పాటు ఛాంపియన్‌గా నిలిచాడు. 1979లో ఎర్నీ షేవర్స్ కొట్టిన దెబ్బకు ఏడవ రౌండులో పడి కూడా, లేచి పదకొండవ రౌండులో గెలిచాడు. మార్సియానో ఓడించిన ఎజర్డ్ చార్ల్స్, ఆర్చీ మూర్ వంటి నిపుణులు హోమ్స్‌కు ఎక్కువమంది ఎదురు కాలేదన్నది నిజమే, అది నేను కాదనను. కానీ అతని ఎడమచేతి జాబ్ (చేయి సూటిగా చాచి వేగంగా కొట్టే దెబ్బ) లాంటిది నేను అలీలో కూడా చూడలేదు. ప్రత్యర్థి పొట్టివాడైనా పొడవైనవాడైనా, ఏ దశాబ్దం వాడైనా, దాన్ని దాటుకునే లోపలికి రావాలి. దాదాపు 84 కిలోల మార్సియానోను ఈనాటి భారీకాయులతో పోల్చి తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. అతని కాలంలో, హెవీవెయిట్ కంటే ఒక మెట్టు తక్కువ బరువువారి కోసం ఉన్న క్రూయిజర్‌వెయిట్ అనే విభాగమే లేదు.

1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో పాయింట్ల మీద ఓడేనాటికి హోమ్స్ ఖాతాలో 48 విజయాలు, సున్నా ఓటములు ఉన్నాయి. మార్సియానో లెక్కకు ఒక్కటే తక్కువ. ఆ ఒక్క రాత్రి కోసం ఏడేళ్ళను తక్కువగా తూచడానికి నా మనసు ఒప్పుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు మూడవ వరుసలో హోమ్స్ పేరు రాశాను. నాలుగవ వరుసలో మార్సియానో పేరు రాసి, దాని పక్కనే చిన్న అక్షరాలతో "వాల్కాట్, 13వ రౌండు" అని చేర్చాను.