వాచీ భయపెట్టిన రాత్రి

నా గుండె రక్తనాళంలో స్టెంటు వేసిన సంగతి పెద్దగా చెప్పుకునేదేం లేదు. ఛాతీలో మంట పుట్టింది, గ్యాసనుకున్నాం, 108 బండిలో రాజమండ్రి తీసుకెళ్ళారు, మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి పని కానిచ్చేశారు. నా గుండె మండింది ఆ తర్వాత. ఇంటికి పంపించే రోజున "నడవచ్చా బాబూ?" అని అడిగితే, ఆ కుర్ర డాక్టరు కాగితంలోంచి తలెత్తకుండా "ఈ వయసులో ఇంకెక్కడికి నడుస్తారు మామ్మగారూ, రెస్టు తీసుకోండి" అన్నాడు. నాకు 67. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో నా ఈడు ఆడవాళ్ళు ఇంకా ఊడుపులకి వెళ్తున్నారు.

ఆ ఒక్క మాటతో మంచం పట్టాను. పలకరించడానికొచ్చిన వాళ్ళదీ అదే పాట: "కదలకండి వదినగారూ". పెరట్లోకి వెళ్ళాలన్నా, అడుగేస్తే స్టెంటు జారిపోతుందేమోనని బెంగ. బెంగుళూరు నుంచి మా అబ్బాయి స్మార్ట్ వాచీ పంపించి, ఫోన్‌కి కలిపించి, చేతికి పెట్టించాడు. నిద్రలో కూడా తియ్యొద్దన్నాడు.

ఓ రాత్రి వాన, కరెంటు పోయింది. గాఢ నిద్రలో ఉండగా వాచీ చేతి మీద జుయ్యిమంది. ఎర్రటి అక్షరాలు. ఆయనకి కళ్ళజోడు దొరకలేదు. వాచీని కంటికి ఆనించుకుని "నలభై నాలుగా, నూట నలభై నాలుగా?" అంటున్నారు. నిమిషానికి గుండె కొట్టుకునే లెక్క అది. నలభై నాలుగే. గుండె ఆగిపోతోందనుకున్నాను. ఆయన నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు, నేను మాట్లాడుతూనే ఉన్నా! ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాయన "ఆ బొమ్మ తీసి పారేసి పడుకోండి" అని పెట్టేశాడు. ఎందుకు పారెయ్యాలో చెప్పలేదు. వెంకటేశ్వరస్వామి గోవింద నామాలు చదువుకుంటూ గోడకి జేరబడి తెల్లవార్లూ కూర్చున్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు, వాచీ మీంచి చూపూ తిప్పలేదు.

పొద్దున్నే అమలాపురంలో ఓ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాం. ఆవిడ ముందు నా మాత్రల అట్టలు తీయమంది. అందులో ఒకటి బీటా బ్లాకరట. "దీని పనే గుండెని నెమ్మదిగా కొట్టించడం అమ్మా, నిద్రలో ఇంకా తగ్గుతుంది" అని ఈసీజీ తీసి చూసి, వాచీ గంట ఎంతకి మోగాలో మార్పించింది. కళ్ళు తిరిగినా, సొమ్మసిల్లినా, ఆయాసమొచ్చినా మాత్రం వాచీ ఏమన్నా సరే పరిగెత్తుకు రమ్మంది. 220లోంచి వయసు తీసేసి, నడిచేటప్పుడు గుండె అందులో ఇంత శాతం వేగం అందుకోవాలనే లెక్క ఈ మాత్ర వేసుకునే వాళ్ళకి పొసగదంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే కొలతట. అంటే నడవచ్చన్నమాట! ఆవిడ కడుపు చల్లగా ఉండాలి. ఇంత చిన్న ముక్క ఆ కుర్రాడికి నోరు దాటి రాలేదు.

ఇక వాచీతో తగువు. రోజుకి పదివేల అడుగులని అందులో ముందే రాసిపెట్టి ఉంది. నేను వీధి చివర రామాలయం దాకా వెళ్ళొచ్చేసరికే మంచం వెతుక్కునేదాన్ని. ఆ పదివేలు ఏ డాక్టరూ చెప్పిన లెక్క కాదని మనవడు చదివి చెప్పాడు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి ఆ పేరుతో అమ్మారట. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో, 4,400 అడుగులేసే వాళ్ళలోనే 2,700 వేసే వాళ్ళకంటే మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక పెద్ద తేడా లేదు. వాడే కూర్చుని వాచీలో అంకె తగ్గించాడు.

వాచీకి అన్నీ తెలుసనుకోకండి. కోరాం ముందు కూర్చుని కొబ్బరి కోరుతుంటే అడుగులు పెరిగాయి. ఎండకి గొడుగు పట్టుకుని కాలవ గట్టంతా తిరిగొస్తే, చెయ్యి ఊగలేదు కాబట్టి సగం కూడా పడలేదు. ఇప్పుడు గొడుగు కుడి చేతికి మార్చాను.

మా అబ్బాయి మీదా కోపమొచ్చింది. "అమ్మా, నిన్న ఎనిమిది వందలే" అని పొద్దున్నే ఫోను. "నీకు అడుగులు నేర్పింది నేను, నా అడుగులు నువ్వు లెక్కపెడతావురా?" అని కసిరాను. పాపం, భయంతోనే అన్నాడు లెండి. ఆ తర్వాత అంకెల ఊసెత్తలేదు. సాయంత్రం ఆరింటికి నేను గట్టెక్కే వేళకి చేస్తాడు, కబుర్లు చెబుతూ నడుస్తాను. వాడికి జవాబు చెప్పలేకపోతే ఆగుతాను. డాక్టరమ్మ కొలత అలా సరిపోయింది.

పిల్లలు వాచీ కొనిస్తే, మీ మాత్రల అట్టలతో పాటు దాన్నీ డాక్టరుకి చూపించండి. నడక ఒక్కటే చాలదు, 65 దాటిన వాళ్ళు వారానికి మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే వ్యాయామాలు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నేను గుమ్మం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడతాను. ఆయన వెనకే కుర్చీ పట్టుకుని నిలబడతారు.

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను, ఏడేసి ప్రదక్షిణలు. సగం వారాలు అయ్యాయి. అక్కడ మాత్రం వాచీ తీసి ఆయన జేబులో పెడుతున్నాను. వెనకాలే వస్తారు కదా, నా లెక్కలో ఆయన అడుగులు పడుతున్నాయి. మా అబ్బాయికి చెప్పలేదు.